పొగమంచు రాసిన పెద్దాయన

ముప్పై ఏళ్లు చాకిరీ చేసినా దక్కని పేరును మా పక్క అపార్ట్‌మెంట్ స్పెయిన్ పెద్దాయనకు ఒక్క పూటలో ఇప్పించినవాణ్ణి నేను. మేముంటున్న ఇర్వింగ్ ఊళ్లో మా వాకింగ్ బ్యాచ్ మొత్తానికి ఈ సంగతి తెలుసు. నేనే చెప్పాను కాబట్టి.

ఆయన సాహస కథల కామిక్స్ రచయిత. ఏ గడిలో ఏం జరగాలో, ఎవరు ఏమనాలో కాగితం మీద రాసిస్తే చిత్రకారుడు గీసేవాడట. బొమ్మ పూర్తవగానే ఆ కాగితాలు చెత్తబుట్టలోకి పోయేవి. అట్ట మీద చిత్రకారుడి పేరొక్కటే ఉండేది. కూతురి దగ్గరికి వచ్చేశాక సొంత మనవరాలే, "తాతా, నిజంగా నువ్వే రాశావా?" అని అడిగిందట. నాకా మాట చెప్పి, చాలాసేపు షూ లేసులు సరిచేసుకున్నాడు.

అప్పుడే మా లైబ్రరీలో పాత కామిక్స్ ప్రదర్శన పెట్టారు. ఆయన పుస్తకం కూడా ఉంది. పక్కన కార్డు మీద మళ్లీ చిత్రకారుడి పేరే. మా ఆవిడ డ్రైవ్ చేస్తే ముగ్గురం వెళ్లాం.

"మీరే రాశారనడానికి ఏదైనా ఆధారం ఉందా సర్?" అంది లైబ్రేరియన్, మర్యాదగానే.

ఇక్కడ నేను పుస్తకం తెరిపించి వాదించి గెలిచానని చెబుతుంటాను. అంత లేదు. తెరవమన్నది ఆయనే.

"ఇందులో బోలెడు గుర్రాలున్నాయి. ఒక్కదానికైనా కాళ్లు కనిపిస్తాయేమో చూడండి" అన్నాడు.

ఆమె పేజీలు తిప్పింది. గుర్రాలు ఎత్తైన గడ్డిలో, ఏట్లో, గోడల వెనక, ఎక్కువగా పొగమంచులో ఉన్నాయి.

"మావాడికి గుర్రం కాళ్లు గీయడం రాదు. ఆ మాట అంటే చిన్నబుచ్చుకుంటాడు. అందుకని ప్రతిసారీ నేనే మంచు రాసేవాణ్ణి."

ఆమె ఇంకో నాలుగు పేజీలు చూసి, కొత్త కార్డు తీసి, చిత్రకారుడి పేరు పక్కన ఆయన పేరూ రాసింది. ఆయన ఆ కార్డును ఫొటో తీసి, కాలేజీ హాస్టల్లో ఉంటున్న మనవరాలికి పంపాడు. 'ఇంకా ఏమేం దాచావు తాతా, ఆదివారం వస్తా, చూపించు' అని జవాబు వచ్చింది. దాన్ని నాకు రెండుసార్లు చూపించాడు.

నేను చేసిందల్లా పక్కన నిలబడి ఒక మాట సాయం చేయడమే.

ఇంతవరకు రాసి వినిపిస్తే, బెండకాయలు తరుగుతున్న మా ఆవిడ తలెత్తలేదు.

"ఏం సాయమండీ? వెళ్లగానే 'ఈ బొమ్మలన్నీ వేసింది ఈయనే మేడమ్' అన్నారు. అట్ట మీద వేరే పేరుంది కదా. ఆయన 'కాదు, కథ రాసింది నేను' అని సరిదిద్దినా, మీ మాటకే ఆవిడకి డౌట్ వచ్చి ప్రూఫ్ అడిగింది. అదీ రాయండి."