డాక్టరమ్మ ఫోటోకి దండ

ఆ రోజుల్లో నాకు దేవుడంటే భయం లేదు, దయ్యమంటే భయం లేదు, ఎదుటివాడి అభిప్రాయమంటే అసలే లేదు. విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు చర్చావేదికల మీద గొంతు చించుకుని, గ్రహణం రోజున నడివీధిలో నిలబడి ఇడ్లీలు తిని, ఆ ఊపులోనే అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి యూనివర్సిటీకి మాస్టర్స్ చదవడానికి వచ్చి పడ్డాను. బయల్దేరే రోజు మా మేనత్త రాహుకాలం దాటనివ్వమంటే, పంతానికి ఆ గంటలోనే గడప దాటాను. (దారిలో కారు టైరు పంక్చరైంది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.) ప్రతిదానికీ రుజువు అడగడం నా జబ్బు. ఎవరైనా ‘అలా అంటారు కదా’ అంటే చాలు, ఎవరన్నారు, ఎప్పుడన్నారు, నువ్వు చూశావా అని మీద పడేవాణ్ణి. నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న ముగ్గురిలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. మూడోవాడిది కదిరి, పేరుకు బదులు ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. వాడు నాతో మాట్లాడటానికి కారణం ఓర్పు కాదు, నేను చెప్పేది ఏనాడూ వినకపోవడం.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో వారానికి ఇరవై గంటలు పుస్తకాలు సర్దే పని చేసేవాణ్ణి. మా సూపర్‌వైజరు నల్లజాతి పెద్దావిడ. మాలో మేం పెద్దమ్మ అనుకునేవాళ్లం. ఈ దేశంలో ఫిబ్రవరి నెలంతా నల్లజాతి మహనీయుల్ని తలుచుకుంటారు. ఆ ఏడాది ఫోటోల ప్రదర్శన పని పెద్దమ్మ నాకు అప్పజెప్పింది. మా దేశంలో సంఘసంస్కర్తల జయంతి సభలు నా చేతుల మీద డజన్లకొద్దీ జరిగాయని, ఆవిడ నిశ్చింతగా ఉండొచ్చని చెప్పాను. ఆవిడ నవ్వి, ఎనిమిది ఫోటోలున్న ఫైలు చేతికిచ్చింది. కాగితం, పెన్సిలుతో రాకెట్ల దారి లెక్కగట్టిన ఆవిడ, దానం చేసిన రక్తాన్ని నిలవ ఉంచే పద్ధతి నేర్పిన వైద్యుడు, బానిసత్వం నుంచి తను తప్పించుకుని మళ్లీ వెనక్కి వెళ్లి ఎందరినో తప్పించిన ధీర, వేరుశనగ మీద పరిశోధనకి జీవితం ఇచ్చిన శాస్త్రవేత్త. ఆ రాత్రి ఇంట్లో ఫైలు విప్పితే, ఆ వేరుశనగాయన్ని చూడగానే కదిరి లేచి నిలబడ్డాడు. వాళ్లది తరతరాలుగా వేరుశనగ పండించే కుటుంబం. ‘ఈయనకి మాత్రం పెద్ద దండ ఎయ్యాల్రా’ అన్నాడు.

దండల ఆలోచన అలా వచ్చింది. మన సభల్లో దండ లేని ఫోటో ఎక్కడుంది? ఇండియన్ షాపుకి వెళ్లి ప్లాస్టిక్ బంతిపూల దండలు ఎనిమిది తెచ్చాం. కదిరి దీపం పెడదామన్నాడు, కుదరదన్నాను. ఫోటోలకి బొట్లు పెడదామన్నాడు. కర్మకాండకీ గౌరవానికీ మధ్య తేడా గురించి నలభై నిమిషాలు ఉపన్యసించాను. (వాడు ఆ సేపట్లో అన్నం వండి, తిని, గిన్నెలు కడిగాడు.) ఎనిమిదో ఫోటోలో పదహారేళ్ల అమ్మాయి, రెండు జడలతో, నలుపు తెలుపుల్లో. వెనకాల పెన్సిలుతో ‘మన జిల్లాలో మొదటి నల్లజాతి మహిళా డాక్టరు’ అని ఉంది. ‘ఈయమ్మ ఎప్పుడు పోయినాదంట?’ అని అడిగాడు కదిరి. ఫోటో చూస్తే తెలియడం లేదా, పాతకాలం మనిషి అన్నాను. వాడు ఆ దండని ఫ్రేముకి ప్లాస్టిక్ తాళ్లతో బిగించి కట్టాడు. సృష్టికర్తకి రుజువు అడిగిన నేను, ఒక మనిషి చావుకి రుజువు అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ప్రదర్శన. రెండున్నరకి పెద్దమ్మ వచ్చి నా భుజం పట్టుకుని, డాక్టరుగారు వస్తున్నారని చెప్పింది. ఏ డాక్టరని అడిగాను. ఎనిమిదో ఫోటో చూపించింది. ఆ ఫోటో తీసిన ఏడాదే ఆ అమ్మాయి ఒక పుస్తకం చూసుకుందామని ఈ లైబ్రరీకి వస్తే, నల్లవాళ్లకి ప్రవేశం లేదని గుమ్మంలోంచే పంపేశారట. ఆ తర్వాత ఆవిడ ఎక్కడో దూరాన చదువుకుని, డాక్టరై తిరిగొచ్చి, ఈ ఊళ్లో సగం మందికి పురుడు పోసింది గానీ, ఈ గుమ్మం మాత్రం తొక్కలేదు. పెద్దమ్మ తొమ్మిదేళ్లుగా ఏటా పిలుస్తోంది. ఈసారి ఒప్పుకుంది. ‘ఆవిడ లోపలికొచ్చి కూర్చుంటే నాకంతే చాలు’ అంది పెద్దమ్మ. అని, ముందు వరస కుర్చీలు ఒకటికి రెండుసార్లు సర్దింది.

బతికున్న మనిషి ఫోటోకి దండ. చర్చావేదికల్లో నేర్చుకున్నదంతా ఏమైపోయిందో, బుర్రలో మా మేనత్త గొంతు ఒక్కటే వినిపించింది: అశుభంరా, తియ్యరా ముందు. స్టూలెక్కి లాగాను. రాలేదు. కదిరి కట్టిన కట్టు మరి. కత్తెర తెమ్మని వాణ్ణి పంపి, పళ్లతో కొరకడం మొదలుపెట్టాను. ఒక తాడు తెగి దండ సగం జారింది. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది.

సన్నటి పెద్దావిడ, చేతికర్ర, నీలం కోటు. లోపలికి రాలేదు. ఒక చెయ్యి తలుపు మీదే ఉంచి గోడవైపు చూసింది. ఏడు ఫోటోలకి నిండు దండలు. ఎనిమిదోదాని మీంచి ఎవడో కుర్రాడు నోటితో పీకేస్తున్నాడు.

‘అందరివీ ఉన్నాయి. నాది ఒక్కటే తీస్తున్నావు’ అంది. గొంతు పెంచలేదు.

స్టూలు మీంచే నిజం చెప్పేశాను. మా దగ్గర పోయినవాళ్ల ఫోటోకే దండ వేస్తారు, మీరు పోయారనుకున్నాను, ఎవరినీ అడగలేదు అని. ఆవిడ కర్ర ఎత్తి, సగం జారిన దండని చూపించింది.

‘ఇప్పుడది తీయకపోతే నేను చచ్చిపోతానా?’

‘లేదు మేడమ్.’

‘నలభై ఏళ్లు డాక్టరుగా పనిచేశాను. పూలదండ వల్ల పోయిన కేసు ఒక్కటీ నా దగ్గరికి రాలేదు. మరెందుకు తీస్తున్నావు, నాయనా?’

జీవితంలో ఎన్నో వాదనలు ఓడాను గానీ, నా పక్షం వాదించిన మనిషి చేతిలోనే ఓడటం అదే మొదలు. భయమేసింది మేడమ్ అన్నాను. అప్పటికి కత్తెరతో వచ్చిన కదిరి సంగతి గ్రహించి, మిగిలిన తాడు కత్తిరించి, దండ నా చేతుల్లో పెట్టాడు. ‘బతికుండేవాళ్లకి మెడలో ఏస్తారు గదరా. ఆ మాత్రం తెల్దా నీకు?’ అని, అదే ముక్కని వచ్చిన ఇంగ్లీషులో ఆవిడకి విప్పి చెప్పాడు. ఏ కుంభకోణమో బయటపెట్టినట్టు, చాలా సీరియస్‌గా.

ఆవిడ నవ్వలేదు. తలుపు మీంచి చెయ్యి తీసింది. కర్ర టకటకలాడిస్తూ మెల్లగా స్టూలు దాకా నడిచొచ్చి, తల వంచింది. వేశాను. దండకి కళ్లజోడు చిక్కుకుంటే ఇద్దరం కలిసి విడదీశాం. అప్పుడు నవ్వింది. పెద్దమ్మ అటు తిరిగి, సరిగ్గానే ఉన్న కుర్చీలు మళ్లీ సర్దసాగింది.

డాక్టరమ్మ తన ఫోటో కిందే రెండు గంటలు కూర్చుంది. వెళ్లబోయే ముందు, ఆనాడు చూడకుండా పోయిన శరీరశాస్త్రం పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పింది. ఇప్పుడు దీంతో నాకేం పనిలేదు, ఊరికే చూద్దామని, అంది. దండ తీయకుండానే కారెక్కింది.

ఇప్పుడు ఇదే రాష్ట్రంలో కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటున్నాను. శకునాలకీ ముహూర్తాలకీ వ్యతిరేకంగా వ్యాసాలు రాస్తూనే ఉన్నాను; ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కాకపోతే రాసేటప్పుడు ఒక్కోసారి, స్టూలెక్కి, ఒక పెద్దావిడ ప్రాణం కాపాడుతున్నాననుకుని, ప్లాస్టిక్ బంతిపూలని పళ్లతో కొరుకుతున్న ఆ ఇరవై మూడేళ్ల మేధావి కళ్లముందు నిలబడతాడు. వాడి మీద కోపం రాదు. నా వ్యాసాలు అందరికంటే ఎక్కువ అవసరమైనవాడు వాడే. వాడికి అర్థమయ్యేలా రాయడం మాత్రం ఇంకా చేతకాలేదు.