బల్ల కాలి కింద చేతితొడుగు

రెయినో లాహ్తినెన్ తొమ్మిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టి, కెనడాలోని థండర్ బే రేవులో, ధాన్యం గోదాముల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. తను గోధుమ రాశిని చూసి బరువు చెబితే కాటాకే సిగ్గేసేదనీ, ఒక ప్రొఫెసరు నోటుపుస్తకంతో వచ్చి తన ముందు కూర్చున్నాడనీ కోతలు కోసేవాడు. ఏటా సైన్సు పండగలో అతని మేకుల పలక ముందు జనం బారులు తీరడం మాత్రం కోత కాదు.

బల్ల మీద నిలబెట్టిన పలకకి పన్నెండు వరుసల మేకులు. పైనున్న గరాటులో ఎండు బఠానీలు పోస్తే మేకుమేకుకీ అటో ఇటో తొట్రుపడుతూ కింది గళ్ళలో పడతాయి. ఏ గడి నిండుతుందో వచ్చినవాళ్ళు పందెం కాస్తారు. ఎవరు పోసినా గుట్ట నడుమనే లేచేది. పద్దెనిమిదేళ్ళు అలాగే లేచింది.

అన్నేళ్ళూ పలకకి ఎడమపక్క భార్య ఐలీ కూర్చునేది. పండగయ్యాక ఆ బఠానీలే కడిగి, ఫిన్లాండువాళ్ళ ఆనవాయితీగా, గురువారం సూపు కాచేది. పోయిన చలికాలం ఆమె పోయింది. ఈ ఏడు ఆమె కుర్చీ ఖాళీగానే వేసి, ముందు కాఫీ పెట్టాడు. మధ్యాహ్నానికి కప్పులో వేలెడు తగ్గింది. ఎవరూ ముట్టలేదని ఒట్టేస్తాడు.

గుట్ట ఆ కుర్చీవైపే ఒరిగి లేచింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ అటే.

పండగ పనులు చూసే మార్గరీట్ వచ్చి, జనానికి తప్పు లెక్క చూపించలేమనీ, మూడింటిలోగా సరికాకపోతే పలక తీసేయాల్సిందేననీ నెమ్మదిగానే చెప్పింది.

"ఐలీ లాగుతోందమ్మాయ్, నేనేం చెయ్యను?"

"కాస్త మెల్లగా లాగమనండి, పెద్దాయనా."

అతను నవ్వలేదు. ఈ బల్ల పోతే ఐలీ పక్కన కూర్చునే చోటు అతనికి మరెక్కడా లేదు.

బఠానీల పెట్టె అడుగున ఆమె ఉన్ని చేతితొడుగు ఒకటి, అప్పడంలా అణిగిపోయి ఉంది. రెండోది పారేసుకుందని ఏటా ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు తిప్పి చూశాడు. మధ్యలో నలుచదరపు గుంట, సరిగ్గా బల్ల కాలంత.

వంగి చూస్తే హాలు నేల ఎడమకి దిగి ఉంది. ఆమె ప్రతి ఏడూ తనకన్నా ముందొచ్చి ఆ వైపు కాలి కింద తొడుగు పెట్టేదన్నమాట. ఒక్క మాట అనలేదు. తనేమో ఆ గుట్ట తన మేకుల పనితనమని ఊరంతా చాటుకున్నాడు.

తొడుగు పెట్టాడు. అది ఇప్పుడే చేతినుంచి తీసినట్టు వెచ్చగా ఉంది. జనం గుప్పిళ్ళతో పోశారు. గుట్ట నడుమన, తిన్నగా లేచింది. పలక ఉంటుందంది మార్గరీట్.

అందరూ కదిలేవేళకి, గరాటులో ఎక్కడ చిక్కుకుందో, ఒక్క బఠానీ జారింది. పన్నెండు వరుసల్లోనూ ఎడమకే తిరిగి, ఎన్నడూ నిండని కొస గడిలో, కుర్చీ పక్కనే పడింది.

"నాలుగు వేల తొంభై ఆరింట ఒక్కటి అలా పడుతుంది" అంది మార్గరీట్.

అలాంటి చోట రెయినో ఓ పెద్ద కోత కోసేవాడే. ఈసారి ఆ బఠానీని జేబులో వేసుకుని ఖాళీ కుర్చీకేసి చూశాడు.

"కాఫీ చల్లారిపోయింది. ఉండు, వేడిది తెస్తా."