కాజాల అత్త ఎవరికి ఏమవుతుంది

ఆవిడ దర్జీ కొట్లకు చొక్కాల కాజాలు కుట్టి ఇచ్చేది. అందుకే వీధంతా కాజాల అత్త అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా ఆ వీధిలోనే ఒకరింటి వీధిగదిలో అద్దెకు దిగింది. అద్దెకొచ్చిన మనిషి ఎప్పుడు ఇంటి మనిషైపోయిందో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఇంటి అమ్మాయికి జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, అల్లరి మితిమీరితే వీపు విమానం మోత మోగించింది.

ఆ అమ్మాయి కాలేజీలో మానవశాస్త్రం తీసుకుంది. అదేం చదువని తండ్రి అడిగితే, మనుషులు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు బతుకుతారో తెలుసుకోవడమని చెప్పింది. మొదటి పాఠం చుట్టరికాలు. ఎవరింటి పటం వాళ్ళు గీసుకు రమ్మన్నారు మేడమ్. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు సున్నా, రక్తసంబంధానికి ఒంటి గీత, పెళ్ళికి జంట గీత.

ముత్తాతల దాకా చకచకా గీసేసిన అమ్మాయి అత్త దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. సున్నా చుట్టింది గానీ, కలపడానికి గీత దొరకలేదు.

“నాన్నకు అక్క అని వేసెయ్యవే,” అంది తల్లి వంటింట్లోంచి.

అత్త సూది ఆపింది. “వద్దు. ఒకసారి ఆడిన అబద్ధం చాలు.”

ఆ సంగతి అమ్మాయికి తెలియదు. అత్తే చెప్పింది. అమ్మాయి పుట్టిననాడు తండ్రి ఊళ్ళో లేడు. నొప్పులు పడుతున్న తల్లిని అత్త ఆసుపత్రికి తీసుకెళ్తే, మీరేమవుతారని అడిగింది నర్సు. సొంతవాళ్ళయితేనే లోపలికి రానిస్తారట. ఆడపడుచునని తడుముకోకుండా చెప్పేసింది. ఆనాటినుంచే తల్లి ఆమెను వదినా అంటోంది.

అమ్మాయి ఆ గీతలేని సున్నానే క్లాసులో చూపించింది. మేడమ్ తప్పనలేదు. కొన్నిచోట్ల తల్లి వైపువాళ్ళనే వంశంగా ఎంచుతారనీ, కొన్నిచోట్ల ఒకే పొయ్యి మీద వండుకు తిన్నవాళ్ళు చుట్టాలైపోతారనీ చెప్పింది. ఎవరిది సరైన లెక్కో తేల్చడం మన పని కాదు, వాళ్ళ లెక్కేమిటో వాళ్ళనే అడగాలంది. వీలుంటే అత్తను తీసుకురమ్మంది.

అత్త వెళ్ళి కుర్చీ అంచున కూర్చుంది. సొంతవాళ్ళెవరూ లేరా అని ఒకమ్మాయి అడిగింది.

“తమ్ముడున్నాడమ్మా. మీ పటంలో వాడికి గీత పడుతుంది. వాడి పిల్లలు ఎదురుపడితే మాత్రం నేను పోల్చుకోలేను.”

అందరూ తలొంచుకుని రాసుకుంటుంటే అత్తకు ఇబ్బందిగా అనిపించింది.

తరవాత ఒకరోజు, తమ్ముడి ఊరికి టిక్కెట్టు తీయమని అమ్మాయిని అడిగింది. వెళ్ళి, కొన్నాళ్ళుండి తిరిగొచ్చింది. పిల్లలు బుద్ధిమంతులేనంది. అక్కడ తనను అత్తయ్యగారూ, మీరూ అన్నారని చెప్పి కాస్త నవ్వి, భోజనానికి పీట వాల్చుకుంది.