మేస్త్రి ఊరు విడిచి వెళ్లలేదు

ఇన్నేళ్లుగా ఇది నా గొంతులోనే ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెబితే సాయంత్రానికల్లా గుడివాడ అంతా పాకి, ఆఖరికి మా ఇంటికే వస్తుంది.

నాది సైకిల్ షాపు. మా ఆవిడది దివిసీమలో, అవనిగడ్డ దగ్గర ఓ పల్లెటూరు. తొమ్మిదేళ్లప్పుడు ఆమెను పొలం గట్టు మీద పాము కరిచింది. పెద్దవాళ్లు కాలికి తాడు బిగించి కట్టి, విషం పైకి పాకుతుందేమోనన్న భయంతో ఆ కట్టు విప్పనే లేదట. ప్రాణం దక్కింది. కాలు నల్లబడిపోయింది. మోకాలి కింద నుంచి తీసేశారు. పెట్టుడు కాలుతోనే కాలేజీకి వెళ్లింది, బీఈడీ చేసింది, గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరింది. తొంభైల మొదట్లో మా పెళ్లయింది. "కాలు చూడలేదు, గుణం చూశాడు, మారాజు" అన్నారు అందరూ. నేనూ నమ్మాను. పొగిడితే నమ్మనివాడెవడు?

పెళ్లయిన కొత్తలో ఆమె ఒక్కటే అడిగింది. ఆ మొండి కాలు మాత్రం చూడొద్దని. తలుపు వేసుకుని పెట్టుడు కాలు తీసేది, మేజోడు తొడుక్కుని వచ్చేది. నేను సరేనన్నాను. దానివల్ల నాకేం బాధ లేదనుకున్నాను. బందరులో ఆమెకు కాలు చేసే మేస్త్రి లేకపోతే నిజంగానే ఉండేది కాదేమో.

పోలియో పిల్లలకు బూట్లు, కాళ్లు పోయినవాళ్లకు కాళ్లు చేసే మనిషి. సందులో చిన్న షాపు, గోడకి బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు. యాభై దాటినవాడు, బట్టతల. ఆమె లంగా ఓణీల నాటి నుంచీ ఆమెకు కాలు చేస్తున్నది ఆయనే. "అన్నయ్యగారూ" అని పిలిచేది. ఏడాదికోసారి వెళ్లేవాళ్లం. వాళ్లిద్దరూ తెర వెనక్కి వెళ్లేవారు, నేను బయట బల్ల మీద కూర్చునేవాణ్ని. లోపలి నుంచి నవ్వు వినిపించేది. "అబ్బా, చక్కిలిగిలి అన్నయ్యగారూ!" అనేది. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

మీరు అనుకునేది నాకు అర్థమవుతోంది. ఛ, అలాంటిదేమీ లేదు. ఉందని నేనూ ఏనాడూ అనుకోలేదు. చిక్కంతా అక్కడే. తప్పు ఉంటే తిట్టేవాణ్ని, కొట్లాడేవాణ్ని, పదిమందిలో పెట్టేవాణ్ని. తప్పు లేని మనిషి మీద ఏడిస్తే ఆ ఏడుపు ఎవరికి చెప్పుకోవాలి? తాళి కట్టినవాడికి లేని చనువు తోలూ గుడ్డా కత్తిరించుకునే మనిషికి ఉంది. బల్ల మీద కూర్చుని పాత పేపరు తిరగేస్తూ కడుపు మంటతో కాలిపోయేవాణ్ని. పైకి మాత్రం బుద్ధిమంతుణ్ని.

ఒక ఏడాది, స్కూల్లో పరీక్షల రోజులు. కాలు వదులై ఒరుసుకుంటోందంది. నేను ఏదో పని మీద బందరు వెళ్తుంటే, ఎప్పుడు రమ్మంటారో అన్నయ్యగారిని కనుక్కురమ్మంది. వెళ్లాను. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. చెయ్యి తుడుచుకుని టీ తెప్పించాడు.

"మా చెల్లెమ్మ బాగుందా బావగారూ? కాలు వదులై ఉంటుందే ఈపాటికి. ఆ పుట్టుమచ్చ దగ్గరేనా ఒరుసుకునేది?" అన్నాడు.

పుట్టుమచ్చ! నా భార్యకి అక్కడ పుట్టుమచ్చ ఉందని ఆయన చెబితే తెలిసింది నాకు. ఆయన ఏ పాపం ఎరగడు, మొగుడన్నాక చూసే ఉంటాడనుకున్నాడు. "అవునండీ, అక్కడే" అన్నాను. టీ తాగాను. వెంటనే తీసుకురమ్మన్నాడు, ఆలస్యం చేస్తే చర్మం లేచిపోతుందన్నాడు. తల ఊపి బస్సెక్కాను. కళ్లల్లో కారం కొట్టినట్టుంది. బస్సు గుడ్లవల్లేరు దాటేసరికి అబద్ధం తయారైపోయింది.

"ఎప్పుడు రమ్మన్నారండీ?" అంది గుమ్మంలోనే.

"లేడు. షాపు ఎత్తేశాడంట. వాళ్లవాళ్ల దగ్గరికి ఎక్కడికో వెళ్లిపోయాడని పక్క కొట్లో చెప్పారు."

"అన్నయ్యగారా? నాకు చెప్పకుండానా?"

"నువ్వేమన్నా ఆయన సొంత చెల్లెలివా, చెప్పి వెళ్లడానికి?"

ఆమెకు కళ్లనిండా నీళ్లు. నేను పోతే ఇలా ఏడుస్తుందా అనుకున్నాను. ఇలాంటి ఆలోచన మనిషన్నవాడికి వస్తుందా? నాకు వచ్చింది.

బెజవాడ వెళ్దామన్నాను, మాటవరసకి. కొత్తవాళ్లకి చూపించలేనంది. ఆ మాట అంటుందని నాకు ముందే తెలుసు. "నేను లేనా?" అన్నాను. సైకిలు ట్యూబు కోసి, మెత్తటి గుడ్డ అతికించి, ఆ పెట్టుడు కాలు లోపల పరిచాను. పట్టీలు మార్చాను. చెయ్యి తిరిగిన పనివాణ్నేగా, ఆ మాత్రం చేయలేనా అని పొగరు. ఆమె వేసుకుని నాలుగడుగులు వేసి, బాగుందండీ అంది. బాగాలేదు. ఏడాది పైగా అలాగే నడిచింది. బోర్డు దగ్గర నిలబడి పాఠాలు చెప్పింది. నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. నా పని నాకు నామోషీ కాకూడదని.

ఒకరోజు స్కూలు నుంచి రిక్షాలో తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. మేజోడు నిండా చీము. బెజవాడ తీసుకెళ్లాను. బందరులోనూ డాక్టర్లున్నారు. అయినా ఆ ఊరు తీసుకెళ్లడానికి ధైర్యం చాల్లేదు. ఇంకాస్త ఆలస్యమైతే మోకాలు కూడా తీయాల్సి వచ్చేదన్నారు. నెలల తరబడి కాలు పెట్టుకోకూడదు, పూటపూటా కట్టు మార్చాలి అన్నారు. ఎవరు మారుస్తారు? నేనే.

ఇదిగో, అసలు చెప్పాల్సింది ఇది. పైన చెప్పిందంతా ఎవరో ఒకరు క్షమిస్తారేమో, దీన్ని మాత్రం క్షమించరు. మొదటిసారి ఆమె గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని కాలు నా ఒళ్లో పెట్టింది. పుట్టుమచ్చ కోసం వెతికాను. దాని చోటంతా పుండు. ఆ పుండు చేసింది నేనేనని తెలుసు. అయినా నాకు సంతోషం వేసింది. ఇప్పుడిది నాకే, ఇంకెవరికీ లేదు అనుకున్నాను. షాపులో పంక్చర్లు వేస్తూ కట్టు వేళ కోసం ఎదురుచూసేవాణ్ని. పుండు తగ్గుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. కొన్నాళ్లకి ఆమె గోడవైపు తిరగడం కూడా మానేసింది. "మీరు కాబట్టి అండీ, ఇంకొకరైతే ముక్కు మూసుకునేవాళ్లు" అంది. ఆ మాటకి చచ్చిపోవాలి కదా? నేను మురిసిపోయాను.

స్కూలువాళ్లు ఎన్నాళ్లు ఆగుతారు, వేరే టీచరును పెట్టుకున్నారు. పుండు మానాక బెజవాడలో చేయించిన కాలు ఆమెకు ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. చేతికర్ర పట్టుకుని ఇంట్లోనే తిరుగుతూ పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను చూపించి వాళ్ల మొగుళ్లకి బుద్ధులు చెబుతారు. ఆమె మాత్రం అప్పుడప్పుడూ అంటుంది, అన్నయ్యగారు ఒక్క మాట చెప్పి వెళ్లాల్సిందని. కాలు పాడైనందుకంటే దానికే ఎక్కువ బాధ పడుతుంది.

ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. మొన్నీమధ్య చూశాను. ముసలాడైపోయాడు, అదే షాపులో కూర్చుని ఉన్నాడు. నేను రోడ్డు దాటి అటువైపు నుంచి వెళ్లిపోయాను.

మరి ఆమెకు ఎందుకు చెప్పవు అంటారు. తిడుతుందనా? తిట్టనీ. వదిలేసి పోతుందనా? పోదు. చెప్పిన మరుక్షణం చెప్పులు వెతుక్కుంటుంది. నన్నేమీ అనకుండా, నా మొహం కూడా చూడకుండా, చేతికర్ర పట్టుకుని బందరు బస్సెక్కుతుంది. తెర వెనక మళ్లీ ఆ నవ్వు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పశ్చాత్తాపం అంటారే, అది నాకు ఇంతవరకే వచ్చింది, మీకు చెప్పేంతవరకు. అయినా ఇవాళ కాస్త ఊపిరాడుతోంది. పక్కగదిలో ఆమె పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తోంది.