ఆ దగ్గు రాసుకోండి సార్

ప్లీడరు ఇమ్మానియేలు గారికి ఒకటే జబ్బు. స్వయంగా చేసి చూస్తే తప్ప దేన్నీ నమ్మరు. టీ కాలిపోతోందని హోటలువాడు చెప్పినా సరే, వేలు ముంచి, చురుక్కుమన్నాకే ఒప్పుకుంటారు. చిలకలూరిపేట కోర్టులో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎక్కువగా తెలిసింది మాత్రం గుమాస్తా కోటేష్‌కి. ఆయన పరీక్షలకు కావలసిన సామాన్లన్నీ మోసేది అతనే మరి.

ఒకసారి జక్రయ్య అనే కూలీ మీద, జిన్నింగు మిల్లు నుంచి పత్తి కుక్కిన బోరెం గోతాన్ని అద్దె సైకిలు మీద ఎత్తుకుపోయాడని కేసు పెట్టారు. ప్లీడరు గారు కొత్త సైకిలు కొన్నారు. వెనక బోరెం కట్టించి తానే ఎక్కారు, ఎక్కినంత సేపు పట్టలేదు మురిక్కాలవలో పడటానికి.

"చూశావా కోటేష్? కుదిరే పని కాదు" అన్నారు కాలవలోంచే.

"మీకు ఉత్త సైకిలే రాదు కదండీ."

"అయితే జక్రయ్యను ఎక్కించు."

జక్రయ్యా అదే కాలవలో పడ్డాడు. కేసు కొట్టేశారు. సైకిలు మాత్రం ఆఫీసుకి తిరిగి రాలేదు. "నన్ను పడేసిన సైకిలు మొహం నేను చూడను. వాణ్ణే తీసుకుపొమ్మను" అన్నారాయన.

తర్వాత సంతోషకుమారి కేసు. ఆవిడ కుట్టుమిషను మోతకి నిద్ర పట్టడం లేదని పక్కింటివాళ్ళు కోర్టుకెక్కారు. ఏ మిషను ఎంత మోత చేస్తుందో తేలాలిగా, ఆయన కొత్త మిషను తెప్పించి తన నల్లకోటు చేతినే కుట్టుకుంటూ కూచున్నారు. మర్నాడు కోర్టులో కోటు వేసుకోబోతే కుడిచెయ్యి దూరలేదు. చివర దాకా కుట్టేశారు. ఒంటిచేత్తోనే వాదించి గెలిచారు. ఆ మిషనూ తిరిగి రాలేదు. దానికి తన మీద పగ ఉందట. ఇట్లా ఎన్ని సామాన్లు పోయాయో తలుచుకుని కోటేష్ లోలోపల కుళ్ళిపోయేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది సుబ్బరావమ్మ గారు. మార్టూరు దారిలో హైవే పక్క ఊరు ఆవిడది. ఒంటరిగా మిరప సేద్యం చేసుకునే మనిషి. కిందటి ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం కళ్ళంలోని షెడ్డు, అందులో మిరపకాయలు తొక్కి కుట్టిన టిక్కీలు, అన్నీ తగలబడిపోయాయి. ఇన్సూరెన్సు డబ్బు అడిగితే కంపెనీవాళ్ళు ఎదురు మోసం కేసు పెట్టారు.

"ఖాళీ గోతాలు కాల్చి డబ్బులడుగుతున్నానంట బాబూ. కాయలూ పోయె, షెడ్డూ పోయె. ఇప్పుడు దొంగ అనిపించుకుని జైలుకి కూడా పోవాలా?"

అసలు ముంచింది పక్కింటి అంకమ్మరావు. పాపం, మేలు చేద్దామనే. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు రాకూడదు. రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క. అందుకని కంపెనీ ఆఫీసరు చైతన్యకృష్ణ విచారణకి రాగానే ఎదురెళ్ళి, "అంత కాయ కాలితే ఊళ్ళో ఒక్కడికి దగ్గు రాలేదండీ. ఆవిడకి ఎంత దిష్టి తగిలిందో చూడండి" అన్నాడు. ఊరంతటి చేతా అదే చెప్పించాడు. ఆఫీసరు మొదటి మాట రాసుకుని రెండోది వదిలేశాడు. దగ్గు రాలేదు కాబట్టి కాయలే లేవని తేల్చాడు.

ప్లీడరు గారు కళ్ళం చూసొచ్చి వాయిదాలు అడగటం మొదలుపెట్టారు.

"కారణం?" అన్నారు మేజిస్ట్రేటు.

"గాలి ఇంకా రాలేదు సార్. ఏప్రిల్ మధ్యాహ్నం వీచే పడమటి గాలి కావాలి."

"సమన్లు పంపమంటారా?"

"అక్కర్లేదు సార్. దానంతట అదే వస్తుంది. తమరు కూడా వస్తే బాగుంటుంది."

ఈలోగా కాలిన చోటే, కాలిన కొలతల్తోనే కొత్త రేకుల షెడ్డు కట్టించారు.

"గాలి కోసం షెడ్డెందుకండీ? ఆరుబయట కాలిస్తే పోలా?" అన్నాడు కోటేష్, రేకులు మోస్తూ.

"పొగ తలుపులోంచి పోయిందో, కిటికీలోంచి పోయిందో తెలియొద్దూ?"

ఏప్రిల్ వచ్చింది, గాలీ వచ్చింది. మేజిస్ట్రేటు గారు కళ్ళానికి పడమట, ఊరున్న వైపు, అంకమ్మరావు అరుగు మీద కూచున్నారు. చైతన్యకృష్ణ నీడ కోసం కళ్ళానికి తూర్పున హైవే పక్క వేపచెట్టు కింద నిలబడ్డాడు. ప్లీడరు గారు షెడ్డులో పెద్ద మూకుడు నిండా మిరపకాయలు పోసి, ఎవరు చెప్పినా వినకుండా తానే అంటించి, బొటబొటా కన్నీళ్ళు కార్చుకుంటూ బయటికొచ్చారు.

ఎర్రటి కాయలు నల్లబడుతున్నాయి. అరుగు మీద మేజిస్ట్రేటు గారు గట్టిగా గాలి పీల్చారు. ఘాటు లేదు. ఊళ్ళో ఒక్కరూ దగ్గలేదు. పొగంతా హైవే మీదికి పోతోంది.

"చూశారా సార్, ఇదంతా వట్టి నాట..." అని చైతన్యకృష్ణ అక్కణ్ణించి కేక వేయబోయాడు. నాటకం పూర్తి కాలేదు. దగ్గు అందుకుంది. చెట్టు పట్టుకుని దగ్గాడు, చెట్టు వదిలేసి దగ్గాడు. అటు పోతున్న ఆర్టీసీ బస్సులోంచి కూడా దగ్గులు వినిపించాయి.

ప్లీడరు గారికి కళ్ళు తెరుచుకోవడం లేదు. అయినా ఆ చప్పుడు వచ్చిన వైపు చెయ్యి చాపారు.

"ఆ దగ్గు రాసుకోండి సార్. కిందటేడు రోడ్డున పోయేవాళ్ళు దగ్గుకుంటూ పోయారు. వాళ్ళని అడిగినవాళ్ళు లేరు."

"గాలీ లేదు, గీలీ లేదండీ. ఆ ఆఫీసరుకి దిష్టి లేదు గనక దగ్గొచ్చింది" అన్నాడు అంకమ్మరావు.

మేజిస్ట్రేటు గారు నవ్వాపుకోలేకపోయారు. తర్వాత కేసు కొట్టేశారు. కంపెనీ నోరు మూసుకుని డబ్బు కట్టింది. తీర్పు రోజు సుబ్బరావమ్మ గారు బస్టాండు దాకా ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, "నేను దొంగను కాదు, జడ్జి గారు చెప్పారు" అని చెప్పుకుంది. తెలియనివాళ్ళు కూడా సంతోషించారు.

బస్సెక్కబోతూ అడిగింది. "ఆ షెడ్డు ఎప్పుడు విప్పుకెళ్తారు బాబూ?"

"అప్పుడేనా? వానొస్తే కారుతుందో లేదో తేలొద్దూ? మీ కాయలు పెట్టి చూస్తుండండి."

"వానలయ్యాక?"

"ఎలకలు చేరతాయేమో చూడాలి."

ఆవిడ ఆయనకి చేతులు జోడించి బస్సెక్కింది. కోటేష్‌కి మాత్రం అప్పుడు వెలిగింది. సైకిలు లేక మిల్లుకి నడిచిపోయే జక్రయ్య. పాత మిషనుతో తంటాలు పడే సంతోషకుమారి. ఇప్పుడీ షెడ్డు. ఇన్నాళ్ళూ తాను మోసింది ఏమిటో తెలిసేసరికి అతనికి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది. పొంగినా ఏడిపించాలనే అనిపించింది.

"సార్, గుమాస్తా రోజూ ఎండలో నడిచొస్తే పని ఎంత కుంటుపడుతుందో మీరెప్పుడైనా పరీక్షించారా?"

ఇమ్మానియేలు గారు ఆలోచనలో పడ్డారు. "లేదే. రేపు నేను నడుస్తాను. నువ్వు నా స్కూటరు మీద రా."

"ఊరికే అన్నానండీ బాబూ."

వినే మనిషైతేగా. మర్నాడు చెమటతో తడిసి ముద్దయి ఆఫీసుకొచ్చారు. కోటేష్ స్కూటరు తాళంచెవి చేతిలో పెట్టబోతే వెనక్కి తోసేశారు.

"ఒక్కరోజులో ఏం తేలుతుంది కోటేష్? ఇంకొన్నాళ్ళు చూద్దాం."