రాజు మీద బిందెడు నీళ్ళు

పొద్దున పొయ్యి మెత్తుదామని మట్టి తడిపాను. వేళ్ళ సందుల్లోంచి ఆ చల్లదనం జారగానే గుండె దడదడలాడింది. అది డ్రాయింగు టీచరు సావిత్రమ్మ దగ్గర పట్టుకున్న దడ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కంబదూరు దిక్కున మా ఊరికి ట్యాంకరు వస్తేనే నీళ్ళు. మనవరాలు రత్నను బడి మాన్పించి గొర్రెల వెంట పంపాలనుకున్నాను. అది తెలిసి సావిత్రమ్మ ఇంటికి వచ్చింది. పిల్లలచేత మట్టితో పాతకాలపు ఈజిప్టు బొమ్మలు చేయిస్తోందట. "శుక్రవారం బడికి రా అవ్వా. దాని పని సూడు. సూసినాక నీ ఇష్టం."

"తాగనీకే నీళ్ళు లేవు, బొమ్మలకు యాడ తెచ్చేది తల్లీ?"

"గిన్నెలు కడిగిన నీళ్ళు చాలవ్వా."

పొదుపు తెలిసిన మనిషే అనుకున్నాను. రత్న చేతులు గుండెల మీద ముడుచుకున్న మనిషిని చేసింది.

"ఎవరే వీడు, చలిజ్వరమొచ్చినోని మాదిరి?"

"సచ్చిపోయిన రాజవ్వా."

"థూ! పంచలో పెట్టు!"

శుక్రవారం రత్న పలక మీద రాజును పెట్టి నెత్తికెత్తుకుంది. వెంట నడుస్తున్నాను; దారిలో రాయి కనబడితే, ఎక్కడ తట్టుకుంటుందోనని నాకు ప్రాణం పోతోంది. మా దిక్కు వానలు రాకుంటే పిల్లలు మట్టిబొమ్మను ఇట్లాగే పలక మీద మోసుకుని వస్తారు, ఇంటింటా ఆడవాళ్ళు దాని మీద నీళ్ళు పోస్తారు. పక్కింటి హనుమక్క చూసింది. నేను వద్దనేలోగా బిందె ఎత్తి కుమ్మరించింది.

"వానదేవుడా, ఇంగనన్నా కరుణించప్పా!"

రాజు మొహం జారిపోయింది.

"ఎంత పని చేస్తివే! అది బడి బొమ్మే!"

హనుమక్క ఖాళీ బిందెలోకి చూసింది. "మాపటిదాకా అవే నీళ్ళక్కా," అంది. రత్న నెత్తిమీది పలకకు చెయ్యి ఆనించి బడికి నడిచాను.

బడిలో రత్న ఏడుస్తూ కూర్చుంది. కాసేపట్లో పెద్దసారు బొమ్మలు చూడ్డానికి వస్తాడు. జారిన మొహంలో ముక్కైనా నిలబెడదామని చేయి చాపాను. సావిత్రమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి పెట్టద్దవ్వా."

"సారు వస్తాండాడు గదమ్మా!"

"నాకూ భయమే. అయినా దాన్నే చేసుకోనీ."

ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి. పట్టు మాత్రం వదల్లేదు. రత్న ముక్కు తుడుచుకుని, చీపురుపుల్లతో ఆ తడిమట్టిలోనే కొత్త మొహం గీసింది. లోపలికి పోయిన దవడలు, ఆకాశంకేసి ఎత్తిన గడ్డం. ఈజిప్టు రాజుకు మా హనుమక్క మొహం వచ్చింది.

గొర్రెల మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

సావిత్రమ్మ బదిలీ అయిపోయింది. ఇప్పటికీ పిల్లల పని చెడిపోతుంటే నా చేయి ముందుకు దూకుతుంది. నా మణికట్టు నేనే పట్టుకుని నిలబడతాను. భయం పోలేదు. ఆమెకు కూడా పోయి ఉండదు.