గడప బయట నిలబడి చెప్పిన కబురు

యుద్ధకాలపు విమానాల మీద సినిమా తీస్తున్నారనీ, అప్పటి సంగతులు తెలిసినవాళ్ళ చేత తాడేపల్లిగూడెంలో మాట్లాడిస్తున్నారనీ పేపర్లో చదివింది నేనే. బడి గుమ్మం ఎక్కని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన నాన్నగారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. మావారిని గూడెం పంపి, ఆ సినిమావాళ్ళని కొల్లేటి లంకలో ఉన్న మా అత్తగారి దగ్గరికి రప్పించిందీ నేనే. అందుకే ఆ రోజు నా కాలు ఒకచోట నిలవలేదు.

యుద్ధం రోజుల్లో ఒక విమానం కొల్లేట్లో పడింది. దగ్గర్లో కిక్కిస గడ్డి కోస్తున్న మా అత్తగారు దోనె వేసుకెళ్ళి, అది నడిపిన కుర్రవాణ్ణి నీళ్ళలోంచి లాగారు. కాసేపటికి ఆమె ఒళ్ళోనే అతని ప్రాణం పోయింది. మిలిటరీవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అప్పట్నుంచీ ఆమెకి ఒకటే బెంగ.

"ఆ కుర్రాడి తల్లికి ఎవరన్నా చెప్పారంటావా అమ్మాయ్?"

సినిమా దేశాలు దాటి వెళ్తుంది కదా, ఆ తల్లి చూడకపోతుందా అన్నాను. ఆ మాట మీదే ఆమె ఒప్పుకున్నారు.

అరుగు మీద కుర్చీ వేసి, కెమెరా ఎదురుగా పెట్టారు. డైరెక్టరు మద్రాసులో స్థిరపడ్డ మనవాడే.

"ఆ విమానానికి ఇంజన్లు ఎన్నుండేవండీ?"

అత్తగారు లేచి, అరుగు దిగి వీధిలో నిలబడ్డారు. బతిమాలి కూర్చోబెట్టారు. కెమెరా తిరగ్గానే మళ్ళీ లేచారు. పక్కింటి ముసలమ్మ ఊరుకోదుగా!

"ఏమే, కోక నలిగిందని సిగ్గా? నిన్ను సినిమాలో చూసి మీ ఆయన స్వర్గంలోంచి దిగొస్తాడేంటే!"

"నీ నోటికి తాళం వెయ్యవే తల్లీ," అన్నారు అత్తగారు, కళ్ళు కెమెరా మీంచి తిప్పకుండానే.

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. "ఫిల్ము అయిపోతోందండీ. వెలుగుండగానే గూడెంలో ఆనాటి విమానాల రన్‌వే తియ్యాలి. ఇంకొక్కసారి చూసి బయల్దేరతాం."

వాళ్ళు వెళ్ళిపోతే ఆ మాట ఇక ఎన్నటికీ చేరదు. కొల్లేటి మీద మబ్బు కమ్ముతోంది. ఏం చెయ్యాలో తోచక కాఫీ తెచ్చాను. అత్తగారు గ్లాసు పక్కకి నెట్టారు. "ఇప్పుడు కాదమ్మాయ్." పొద్దుట్నుంచీ ఆమె పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదని అప్పుడు తట్టింది.

మా వైపు చావుకబురు తెచ్చినవాళ్ళు గడప తొక్కరు, కూర్చోరు. చెప్పేదాకా ఏమీ ముట్టరు. ఆమెకి ఆ కెమెరా నల్లటి అద్దం సినిమా కాదు, ఆ తల్లి ఇంటి గుమ్మం.

"డైరెక్టరుగారూ, ఆమెని వీధిలోనే నిలబడనివ్వండి. ఏమీ అడక్కండి," అన్నాను. అంత గట్టిగా పరాయి మగవాళ్ళతో నేనెప్పుడూ మాట్లాడి ఎరగను. డైరెక్టరు నా మొహం చూసి, కెమెరా వీధివైపు తిప్పించాడు.

అత్తగారు కొంగు నిండుగా కప్పుకున్నారు.

"వదినా, నీ కొడుకు పోయాడమ్మా. దాహంతో పోలేదు, నీళ్ళు తాగాడు. ఒంటరిగానూ పోలేదు. నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు, నా చెయ్యి పట్టుకున్నాడు. మొహం మీద చిన్న దెబ్బన్నా లేదు, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఇదే చెబుదామని వచ్చాను."

వెళ్ళొస్తానని అనలేదు. వెనక్కి తిరిగి తిన్నగా నీళ్ళరేవుకి నడిచారు, స్నానానికి.

"విమానం గురించి ఒక్క ముక్కయినా..." అని డైరెక్టరు ఆగిపోయాడు.

"ఇక మాట్లాడరండీ. ఈ ముక్క సినిమాలో ఉంచుతారా?"

"నా చేతిలో లేదమ్మా. పైవాళ్ళు చూసి చెప్పాలి."

సినిమావాళ్ళ పడవ కదిలాక అత్తగారు తడి చీరతో వచ్చారు. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను.

"ఉంచితే ఉంచుతారు, లేకపోతే లేదు. నేనైతే చెప్పేశాను. అన్నం ఉందా?"

ఆమె రెండోసారి వడ్డించమంటుంటే దేవుడికి చేతులు జోడించాను. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. నేను మాత్రం గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను, పడవలో ఆ ఫిల్ము పెట్టెల మీద ఏదన్నా కప్పారో లేదో అని.